కోట లోపల ఊరుంది, ఊళ్లో మనుషులున్నారు: గండికోట గురించి ఒక బహిరంగ లేఖ

గండికోట విషయంలో నిర్ణయాలు తీసుకునే కేంద్ర, రాష్ట్ర, జిల్లా అధికారులందరికీ,

నమస్కారం.

ఈ ఉత్తరం కడప జిల్లా జమ్మలమడుగు మండలం గండికోట గ్రామస్థుల తరఫున రాస్తున్నాను. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు వచ్చి, ఎర్రమల కొండ ఎక్కి, పెద్ద గవిని (కోట ద్వారం) దాటితే మా ఊరు. ఫొటోల్లో అందరూ చూసే పెన్నా లోయ మా ఇళ్ల నుంచి నడిచి పోయేంత దూరం. కోట కేంద్రం రక్షణలో ఉందని మాకు తెలుసు. ఆ రక్షణ ఉండాలనే కోరుకుంటున్నాం కూడా. గుడి, మసీదు, ధాన్యాగారం పడిపోకుండా చేసిన మరమ్మతులకు, కొండ మీదికి బస్సులు, కార్లు సులువుగా రాగలిగే రోడ్డు వేసినందుకు కృతజ్ఞతలు.

ఇక అసలు సంగతి. మా ఇబ్బందుల గురించి అర్జీలు ఇచ్చాం. సోమవారం అర్జీల రోజున లైన్లో నిలబడి ఇచ్చాం, ఊరు చూడటానికి వచ్చిన పెద్దల చేతికీ ఇచ్చాం. రసీదులు మా దగ్గరున్నాయి. జవాబులు రాలేదు. ఒక ఆఫీసుకు పోతే ఇది మా పరిధి కాదన్నారు, వాళ్లు చెప్పిన రెండో ఆఫీసుకు పోతే అక్కడా అదే మాట. ఎవరి పరిధిలో ఏముందో తేల్చుకోవడం మా వల్ల కాలేదు. అందుకే అందరికీ కలిపి, జనమంతా చదివేలా ఇలా రాస్తున్నాను.

ముందు ఊరి చరిత్ర కొంచెం చెప్పాలి. మీకు తెలియదని కాదు. ఈమధ్య గండికోట గురించి ఎక్కడ చదివినా లోయ, సూర్యోదయం, టెంట్లు, బోటింగ్ ఇవే కనిపిస్తున్నాయి. దీన్ని ఇండియాలోని గ్రాండ్ కాన్యన్ అంటూ ప్రచారం చేస్తున్నారు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్లుగా సొంత పేరుతో బతికిన ఊరికి అమెరికాలోని లోయ పేరు ఎందుకు తగిలించాలో నాకు అర్థం కాదు. ఆ ప్రచారం చూసి వచ్చేవాళ్లకు కోటలో ఒక ఊరు ఉందన్న సంగతే తెలియడం లేదు. కొందరు మా వీధుల్లోకి వచ్చి, ఇళ్ల ముందు కూర్చున్న ముసలివాళ్లను చూసి, ఇక్కడ మనుషులు కూడా ఉంటారా అని అడుగుతున్నారు.

ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ దొర సేకరింపజేసిన కైఫియత్తుల్లో, అంటే ఊళ్ల చరిత్ర రాతల్లో, మా ఊరి కైఫియత్తు ఉంది. పక్కనే ఉన్న బొమ్మనపల్లెకు చెందిన కాకరాజు 12వ శతాబ్దంలో ఇక్కడ మొదట కోట కట్టించాడని అందులో కథ. తర్వాత విజయనగర రాయల కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. కృష్ణదేవరాయల సేనానుల్లో పేరున్న పెమ్మసాని రామలింగనాయుడు ఆ వంశం వాడే. ఇప్పుడు మనం చూస్తున్న రాతి గోడలు, బురుజులు, మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి మాకు దక్కింది ఆ కాలం నుంచే. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. జుమ్మా మసీదును గోల్కొండ పాలన నాటి గుర్తుగానే చూస్తాం. ఈరోజు మసీదు మెట్ల మీద నిలబడితే మినార్లు, మాధవరాయస్వామి గాలిగోపురం ఒక్కచోటి నుంచే కనిపిస్తాయి. మాధవరాయస్వామి మూలవిగ్రహం దాడుల భయంతో మైదుకూరుకు చేరిందని మా పెద్దవాళ్లు చెప్తారు. అందుకే మైదుకూరు గుడికి పోయినప్పుడు, మన ఊరి స్వామిని చూసొచ్చామని అంటారు.

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చాడు. చూసినవన్నీ వివరంగా రాసిపెట్టుకున్నాడు. అప్పటి కర్ణాటక (విజయనగర) రాజ్యంలోని గట్టి కోటల్లో ఇదొకటని, కొండ ఎక్కడానికి ఉన్న దారి కష్టమైనదని, ఒక పక్క నిలువునా లోయ, అడుగున నది అని వర్ణించాడు. మీర్ జుమ్లా దగ్గర పనిచేసే ఒక ఫ్రెంచివాడు గుళ్ల నుంచి తెచ్చిన రాగి విగ్రహాలను కరగబెట్టి ఫిరంగులు పోతపోశాడని, గండికోట గుడిలోని కొన్ని విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదని కూడా రాశాడు. చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లు ఈ ఫిరంగుల కథను చాలాసార్లు చెప్పుకుంటారు. అదే చోట ఇంకో సంగతి ఉంది, దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. కొండ పైన చిన్న మైదానం ఉందని, అందులో వరి, చిరుధాన్యాలు పండిస్తున్నారని, చిన్న చిన్న ఊటలు ఆ పొలాలకు నీళ్లిస్తున్నాయని ఆయన రాశాడు.

నాకు ఈ మాట చాలా ముఖ్యమైంది. రాజులు మారుతున్నా, ముట్టడులు జరుగుతున్నా, కొండ మీద ఎవరో నాగలి పట్టారు, ఎవరో ఊటనీళ్లు మళ్లించారు. కోటలో సైన్యం నిలబడిందంటే వాళ్లకు తిండి పెట్టిన రైతులు, రాళ్లు చెక్కినవాళ్లు, కుండలు చేసినవాళ్లు, చెరువుకు మట్టి మోసినవాళ్లు ఉన్నారు. అంత పెద్ద ధాన్యాగారం నింపినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ దొరకవు. 1800లో దత్తమండలాలు, అంటే మన సీమ ప్రాంతం, నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక కోటతో ప్రభుత్వాలకు పని తగ్గింది. సైన్యాలు దిగిపోయాయి. ఊరు మాత్రం కొండ దిగలేదు. టూరిస్టు అన్న మాట వినకముందు నుంచీ ఈ కొండ మీద దీపం పెట్టింది ఊరివాళ్లే.

ఇంకొక్క మాట చెప్పి చరిత్ర ఆపుతాను. ఈ లోయ గోడల్లో పొరలు పొరలుగా కనిపించే ఎర్రరాయి కడప బేసిన్ అనే పాత రాతి ప్రాంతానికి చెందినది, వంద కోట్ల ఏళ్ల కంటే పాతది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ రాతిపొరకు గండికోట క్వార్ట్‌జైట్ అని మా ఊరి పేరే పెట్టుకున్నారు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2023 జూలైలో ఇక్కడ ఒక పెద్ద స్టార్ హోటల్‌కు శంకుస్థాపన జరిగింది. 2024 చివర్లో కేంద్రం గండికోట పర్యాటక అభివృద్ధికి దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ పథకం కింద వచ్చేది రాష్ట్రాలకిచ్చే 50 ఏళ్ల వడ్డీ లేని అప్పు. అంటే ఈ రాష్ట్ర ప్రజలే దాన్ని తీర్చాలి. ఊరికి మంచి జరుగుతుందని మేమూ సంతోషపడ్డాం. ప్లాన్లు ఎక్కడ తయారయ్యాయో, ఎవరిని అడిగి చేశారో మాకు తెలియదు. మా ఊరి పేరు మీద ఏమేం కట్టబోతున్నారో మేము పేపర్లు, యూట్యూబ్ వీడియోలు చూసి తెలుసుకోవాల్సి వస్తోంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెప్తాను.

1. ఇల్లు. రక్షిత కట్టడాల చట్టం 1958లో వచ్చింది, 2010లో దాన్ని సవరించారు. ఆ సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన 200 మీటర్లు అనుమతితోనే. కాదని కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మామూలు ఊళ్లో కట్టడం ఒక మూలన ఉంటుంది కాబట్టి దాని చుట్టూ 300 మీటర్లు వదిలి బతకొచ్చు. మా ఊరు కోట కడుపులోనే ఉంది. మాకు ఒక పక్క గుడి, ఇంకో పక్క మసీదు, చుట్టూ కోట గోడ. ఆ 300 మీటర్లు దాటి పోవాలంటే ఊరు దాటాలి, లేదంటే లోయలో దిగాలి.

పాత ఇళ్ల మరమ్మతుకు చట్టంలో వీలుంది. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే అనుమతికి అప్లికేషన్ పెట్టుకోవచ్చు. మా ఇళ్లు చాలావరకు అంతకంటే పాతవే. కానీ రాయి, మట్టి పెట్టి తాతలు కట్టిన ఇంటికి ఏ తేదీన కట్టారో కాగితం ఎక్కడి నుంచి తేవాలి? ఇంటి కొలతల ప్లాను గీయించాలి, ఫొటోలు జతచేయాలి, ఇంగ్లీషులో ఫారం నింపాలి. కూలికి పోయే మనిషి జమ్మలమడుగుకో, కడపకో రెండు మూడు సార్లు తిరిగితే ఆ రోజుల కూలి పోయినట్టే. ఈలోపు వాన పడితే మిద్దె కారుతుంది. కారే మిద్దె కింద పిల్లల్ని పెట్టుకుని అనుమతి కోసం ఎదురు చూడమంటే, భయపడేవాళ్లు ఊరొదిలి పోతారు. భయం లేనివాళ్లు రాత్రిపూట సిమెంటు కలుపుతారు. ఈ రెండింటితోనూ కోటకు నష్టమే. రాతి ఇల్లు పాడుపడి పోతుంది, లేకపోతే దాని మీద రేకులు, ఇటుకలు ఎక్కుతాయి. వారసత్వం కాపాడాలనే చట్టం వల్ల ఆ ఊరి పాత ఇంటి తీరే మాయమైపోతోంది.

ఆడపిల్ల పెళ్లి సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు ఇంట్లో ఇంకో గది కట్టుకోవడానికి కుదురుతుందా అని అడుగుతున్నారు. అన్నదమ్ములు వేరుపడితే రెండో కుటుంబం కొండ దిగాల్సిందే. చదువుకున్న కుర్రాళ్లు ప్రొద్దుటూరులోనో, బెంగళూరులోనో ఉండిపోతున్నారు. ఎవరూ ఖాళీ చేయమని చెప్పకపోయినా ఊరు నెమ్మదిగా ఖాళీ అవుతోంది.

2. నీళ్లు, మరుగుదొడ్డి, మురుగు. టావెర్నియర్ చూసిన ఊటల కాలం పోయింది. కోటలో రాయల చెరువు, కత్తుల కోనేరు, బావులు ఉన్నాయి. అవన్నీ ఒకప్పుడు కొండ మీద పడ్డ వాననీళ్లను పట్టి ఉంచడానికి చేసుకున్న ఏర్పాట్లు. కాలువలు పూడిపోయి, చెత్త చేరి చాలావరకు చూడటానికే మిగిలాయి. కొండ కింద గండికోట రిజర్వాయరు 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టారు. మా ఊరి పేరున్న రిజర్వాయరు నిండినప్పుడు టీవీలో చూపిస్తారు, ఎండాకాలంలో మా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం చూస్తుంటారు.

మురుగు గురించి అధికారులు ఆలోచించాల్సింది ఇంకా ఉంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ కోట లోపల ఇప్పటికీ వేలమంది కాపురం ఉంటున్నారు. 2013లో యునెస్కో గుర్తించిన రాజస్థాన్ కొండ కోటల్లో అది కూడా ఉంది. జనం ఉండటం ఆ గుర్తింపుకు అడ్డు రాలేదు. కానీ అక్కడ నీళ్ల పైపులు వేశారు గానీ సరైన మురుగు కాలువలు లేక, నీళ్లు కిందికి ఇంకి పునాదులు దెబ్బతిన్నాయి, బురుజులు కూలాయి. ఇక్కడ హోటళ్లు, టెంట్లు, రిసార్టులు పెరుగుతున్నాయి. వాటి మురుగు ఎటు పోతుందో ఇప్పుడే ఆలోచించకపోతే రేపు మన గోడలకూ అదే గతి పడుతుంది. అప్పుడు తప్పు ఊరివాళ్ల మీదికి వస్తుంది.

3. బతుకుదెరువు. శని, ఆదివారాల్లో కార్లు బారులు తీరుతాయి. ఆ జనంతో ఊరికి వచ్చేది చాలా తక్కువ. టీకొట్లు, బొరుగుల బండ్లు, నాలుగు ఇళ్లల్లో చెప్తే చేసిపెట్టే రాగిసంగటి, నాటుకోడి పులుసు. వీటికీ రేపు ఏమవుతుందోనన్న టెన్షన్ ఉంది. బ్యూటిఫికేషన్ అని మొదలుపెట్టగానే ముందు తీసేసేది బండ్లనే. పెద్ద హోటల్‌లో మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని చెప్తున్నారు. ఏ ఉద్యోగాలో, ఎంతమందికో ఎవరూ చెప్పలేదు. కోట చూపించే గైడుకు శిక్షణ, గుర్తింపు కార్డు ఇవ్వమని ఎప్పటి నుంచో అడుగుతున్నాం. ఈ కోటలో ఏ రాతి మీద ఏముందో చిన్నప్పటి నుంచి చూసిన పిల్లలున్నారు. వాళ్లకు ఆరు నెలలు చరిత్ర, ఇంగ్లీషు, హిందీ నేర్పిస్తే బయటివాళ్లు అవసరమే లేదు.

4. రద్దీ, చెత్త, ప్రాణభయం. లోయ దాదాపు 300 అడుగుల నిలువు. అంచున ఉన్న బండల మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లకు అడ్డుగా ఏమీ ఉండదు, ఆపేవాళ్లు ఉండరు. తాగి వచ్చేవాళ్లు ఉంటారు. ఏదైనా జరిగితే ముందు పరిగెత్తేది మా కుర్రాళ్లు, తాళ్లు కట్టుకుని దిగేది వాళ్లే. ధాన్యాగారం గోడల మీద, గుడి స్తంభాల మీద పేర్లు చెక్కుతున్నారు. లోయలోకి సీసాలు విసురుతున్నారు. పశువులు ప్లాస్టిక్ తిని చస్తున్నాయి. చెత్త ఎత్తే పని ఎవరిదంటే, పంచాయతీదని ఒకరు, పర్యాటకం వాళ్లదని ఇంకొకరు. పంచాయతీకి వచ్చే ఇంటిపన్నుతో వేలమంది టూరిస్టుల చెత్త ఎత్తడం ఎలా కుదురుతుంది?

5. దొంగ తవ్వకాలు. రాయలసీమలో గుప్తనిధుల పిచ్చి మీకు తెలుసు. పాత గుడి కనిపిస్తే చాలు, రాత్రిళ్లు గడ్డపారలు పట్టుకుని వచ్చేవాళ్లున్నారు. ఇంత పెద్ద కోటకు కొద్దిమంది కాపలావాళ్లు సరిపోరు. చీకట్లో టార్చిలైటు కనిపిస్తే కేకలు వేసేది, పోలీసులకు ఫోన్ చేసేది ఊళ్లోవాళ్లే. ఊరు లేని కోటలకు ఏమైందో చుట్టుపక్కల కొండలెక్కి చూస్తే తెలుస్తుంది. పీఠం కింద గుంత, పక్కకు దొర్లిన విగ్రహం, పగిలిన నంది. ఇక్కడ మనుషులు కాపురం ఉండటమే కోటకు పెద్ద కాపలా. ఈ మాట ఏ ప్లాన్‌లోనూ రాయడం లేదు.

6. ఖాళీ చేయిస్తారన్న భయం. దీని గురించి ఎవరూ నోరు విప్పి చెప్పడం లేదు, అందుకే భయం ఇంకా ఎక్కువైంది. సర్వేవాళ్లు వచ్చి టేపు పెట్టి కొలిచిన ప్రతిసారీ ఊళ్లో ఆ మాటే. మా భయానికి కారణాలున్నాయి. 2011 జూలైలో హంపిలో విరూపాక్ష గుడి ముందున్న బజారులో తరాలుగా ఉంటున్న కుటుంబాల ఇళ్లు, అంగళ్లు పడగొట్టారు. కోర్టు ఉత్తర్వు, వారసత్వ రక్షణ అన్నారు. ఆ కుటుంబాలు పునరావాసం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాయి. హంపి దాకా పోనక్కర్లేదు. ఇదే గండికోట రిజర్వాయరు కింద కొండాపురం మండలంలో ఊళ్లు మునిగాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వాళ్లు పరిహారం, గడువు కోసం ధర్నాలు చేస్తుండగానే నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. వాళ్లు మా బంధువులు, మాకు పిల్లనిచ్చినవాళ్లు, మేము పిల్లనిచ్చినవాళ్లు. సామాన్లు ట్రాక్టర్లలో వేసుకుని పోవడం మేము కళ్లతో చూశాం. దేశం కోసం, నీళ్ల కోసం వాళ్లు ఊరు వదులుకున్నారు. హోటల్ గది కిటికీలోంచి లోయ బాగా కనిపించడం కోసం మమ్మల్ని వదులుకోమంటే మేము ఒప్పుకోం.

పైన చెప్పినవాటికి పరిష్కారాలు చట్టంలోనే చాలావరకు ఉన్నాయి. 2010 సవరణ ప్రకారం ప్రతి రక్షిత కట్టడానికీ దాని పరిస్థితిని బట్టి వేరుగా హెరిటేజ్ బైలాస్, అంటే చుట్టూ ఏం కట్టొచ్చో చెప్పే నియమాలు, తయారు చేయాలి. మనుషులు బతికే కోటకు, పొలంలో ఒంటరిగా ఉన్న గుడికి ఒకే నియమం సరిపోదని చట్టం చేసినవాళ్లకే తెలుసు. ఆ నియమాలు రాసేటప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టుకోండి. కోట రక్షణ గురించి మీకు తెలిసింది మాకు తెలియదు. ఏ వానకు ఏ గోడ పక్క నీళ్లు నిలుస్తాయో, ఏ బండ కదులుతుందో మాకు తెలుసు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి:

1. గండికోటకు సంబంధించిన హెరిటేజ్ బైలాస్, ముసాయిదాగా ఉన్నా తుది రూపంలో ఉన్నా, తెలుగులో అచ్చువేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. గ్రామసభలో చదివి వినిపించి, అభ్యంతరాలు రాసుకున్నాకే ఖరారు చేయండి.

2. ఊరిని ఖాళీ చేయించే ఆలోచన ఉందో లేదో రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే లేదని సంతకం పెట్టి ఇవ్వండి. ఉంటే, ఏ చట్టం కింద, ఎవరి ఆమోదంతోనో చెప్పండి.

3. ఊళ్లో ప్రతి ఇంటినీ ఒకసారి సర్వే చేసి, ఎప్పటిదో పెద్దల సాక్ష్యంతో, రెవెన్యూ రికార్డులతో నమోదు చేయండి. ఇంటింటికీ కాగితం ఇవ్వండి. ఆ తర్వాత ఎవరూ 1992 నాటి రుజువు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.

4. మిద్దె మరమ్మతు, మరుగుదొడ్డి, స్నానాలగది లాంటి చిన్న పనుల అప్లికేషన్లు ఊళ్లోనే, తెలుగులో తీసుకోండి. అధికారి నెలకొకసారి కొండెక్కి వస్తే సరిపోతుంది. పాత రాతి ఇంటిని పాత పద్ధతిలోనే, సున్నంతో బాగుచేసుకునేవాళ్లకు డబ్బు సాయం చేయండి. సిమెంటు కంటే సున్నంతో ఖర్చు ఎక్కువ, పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. ఆ పని మా కుర్రాళ్లకే నేర్పించండి, కోట మరమ్మతులకూ మీకు వాళ్లు పనికొస్తారు.

5. మంజూరైన డబ్బులో ఏ పనికి ఎంత, కాంట్రాక్టు ఎవరికి, ఎప్పటికి పూర్తవుతుంది అన్న వివరాలతో ఊరి మొదట్లో బోర్డు పెట్టండి. అందులో ఊరి తాగునీటికి, మురుగు కాలువలకు, చెత్తకు వేరుగా వాటా చూపించండి. హోటళ్లకు, టెంట్లకు మురుగు ఏర్పాటు చూశాకే అనుమతి ఇవ్వండి.

6. పార్కింగ్, టికెట్ల మీద వచ్చే ఆదాయంలో పంచాయతీకి వాటా కావాలి. బండ్లవాళ్లను తీసేయకుండా గవిని బయట వాళ్లకు నీడ, నీళ్లు ఉన్న చోటు చూపించి లైసెన్సు ఇవ్వండి.

7. లోయ అంచున కంటికి అడ్డు రాకుండా రాతి గట్టు, హెచ్చరిక బోర్డులు, సాయంత్రం దాకా మనిషి కాపలా. కోటలో మద్యం మీద నిషేధాన్ని నిజంగా అమలు చేయండి.

8. ఊళ్లోనే ఒక చిన్న మ్యూజియం. ధాన్యాగారమో, ఇంకేదైనా పాత కట్టడమో చూడండి. కైఫియత్తు, శాసనాల తెలుగు పాఠాలు, దొరికిన విగ్రహాలు, వ్యవసాయం పనిముట్లు అందులో పెట్టండి. పెద్దవాళ్లు చెప్పే కథలను రికార్డు చేయించండి. డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవాళ్లు కొద్దిమందే ఉన్నారు, ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయడానికి వీల్లేదు.

9. పర్యాటక ప్రణాళిక చూసే కమిటీలో గండికోట గ్రామస్థులు ఉండాలి, వాళ్లలో సగం మంది ఆడవాళ్లు కావాలి. నీళ్ల కష్టం వాళ్లది.

తెలుగువాళ్లందరికీ కూడా ఒక మాట. మీరు గండికోటకు రండి. గవిని లోపలికి వచ్చాక ఊళ్లోకి కూడా నడవండి. ఎవరింటి ముందైనా కాసేపు కూర్చుని మాట్లాడండి. మీ చెత్త మీరే తీసుకుపోండి. మీ ఊరి నుంచి ఎన్నికైన ప్రతినిధులతో మా సంగతి ప్రస్తావించండి. గండికోట మీద ఖర్చు పెడుతున్న అప్పు మీ అందరిదీ.

అధికారులకు చివరగా. మేము కోరుతున్నది ఒక్క రోజు. ఈ ఉత్తరం అందిన రెండు నెలల లోపల సంబంధిత శాఖలన్నీ ఒకే రోజున గండికోటకు వచ్చి గ్రామసభలో కూర్చోవాలి. ఆరోజు ఎవరి పరిధిలో ఏముందో మా ముందే తేల్చండి. తేదీ పది రోజుల ముందు చెప్పండి, కూలికి పోయేవాళ్లు కూడా ఆగుతారు. రెండు నెలల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖకూ విడివిడిగా అప్లికేషన్లు పెడతాం. ఆ తర్వాత గ్రామసభ తీర్మానంతో హైకోర్టుకు వెళ్తాం.

ఇట్లు,
గండికోట గ్రామస్థుల తరఫున,
గండికోటలో పుట్టి పెరిగిన ఒక గ్రామస్థుడు